గండం గట్టెక్కాక వచ్చే ఆపరేషన్

(మెల్‌బోర్న్‌లో జరిగిన వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ప్రతి ఏడాదీ ఈ మైకు దగ్గరికి వచ్చి మా సైట్ టీము తరఫున మేము చెప్పేది మీకు తెలిసిందే. హార్నెస్ వేసుకోండి, పేస్లిప్పులు దాచుకోండి, సూపర్ పడుతుందో లేదో చూసుకోండి అంటాం. ఈ ఏడాది కమిటీవాళ్ళు వేరే సంగతి మాట్లాడమన్నారు. రొమ్ము క్యాన్సర్ వచ్చి, రొమ్ము తీసేశాక, తిరిగి రొమ్ము ఆకారం కల్పించడానికి చేసే ఆపరేషన్ల గురించి. అందులోనూ మొదటిది కాదు. ఆ తర్వాత వచ్చే రెండోది, మూడోది.

ఫార్మ్‌వర్క్ పని చేయించే మగవాళ్ళకు ఈ విషయంతో ఏం పని అని కొందరికి అనిపించవచ్చు. పని ఉంది. ఆస్ట్రేలియాలో 85 ఏళ్ళ వయసు వచ్చేలోపు ప్రతి ఏడుగురు ఆడవాళ్ళలో ఒకరికి రొమ్ము క్యాన్సర్ బయటపడుతుందని ఇక్కడి లెక్క. 2021 జనగణనలో ఇంట్లో తెలుగు మాట్లాడతామని రాసుకున్నవాళ్ళు 59 వేలు దాటారు. ఇది మన గడపలు తొక్కని జబ్బేమీ కాదు. నూటికి ఒకటి చొప్పున మగవాళ్ళకూ వస్తుంది. కాబట్టి రొమ్ము అనే మాట మైకులో వినబడితే ఎవరూ తల దించుకోనక్కర్లేదు. చెయ్యి, కాలు, నడుము అన్నట్టే ఇదీ ఒక అవయవం పేరు.

మొదటిసారి వచ్చినవాళ్ళు

మా టీములో ఒక తమ్ముడున్నాడు. ఫార్మ్‌వర్క్ కార్పెంటర్, గోదావరి జిల్లావాడు. అతని భార్య మాకు చెల్లెలి వరస, ఏజ్డ్ కేర్ హోంలో పనిచేస్తుంది. ఇద్దరూ చెప్పమన్నాకే చెబుతున్నాం, పేర్లు మాత్రం చెప్పం. మూడేళ్ళ కిందట ఆ అమ్మాయికి ఎడమ రొమ్ములో గడ్డ బయటపడింది. రొమ్ము తీసేశారు. అదే ఆపరేషన్లో చర్మం కింద ఎక్స్‌పాండర్ అనే సంచి పెట్టారు. వారాల తరబడి అందులో కొంచెం కొంచెంగా సెలైన్ నింపుతూ చర్మాన్ని సాగదీశారు. కీమో అయింది, రేడియేషన్ అయింది. తర్వాత సంచి తీసి సిలికాన్ ఇంప్లాంట్ పెట్టారు.

ఆ రోజుల్లో మనవాళ్ళు ఎట్లా నిలబడ్డారో చెప్పాలి. పప్పు ఒకరు, పులుసు ఒకరు, పిల్లల్ని బడికి దింపేది ఒకరు. వాళ్ళింట్లో ఫ్రిజ్ పట్టక, వచ్చిన గిన్నెలు పక్కింటి ఫ్రిజ్‌లో పెట్టుకున్నారు. ఆ వీధిలో కారు ఆపడానికి చోటుండేది కాదు. జబ్బు తగ్గింది, గండం గట్టెక్కింది అన్నాక అందరూ ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు. అది సహజం.

ఏడాదిన్నర గడిచాక ఇంప్లాంట్ చుట్టూ గట్టిపడటం మొదలైంది. ఒంట్లోకి బయటి వస్తువు ఏది వచ్చినా శరీరం దాని చుట్టూ ఒక పొర కడుతుంది. ఆ పొర బిగుసుకుపోతే ఇంప్లాంట్‌ను నొక్కేస్తుంది, ఆకారం మారుతుంది, నొప్పి పుడుతుంది. డాక్టర్లు దీన్ని క్యాప్సులర్ కాంట్రాక్చర్ అంటారు. రేడియేషన్ పడినచోట ఇది ఎక్కువ. ఆ అమ్మాయి ఎడమ చెయ్యి పైకెత్తితే లాగుతుంది, ఆ పక్కకు తిరిగి పడుకోలేదు. ఏజ్డ్ కేర్‌లో పెద్దవాళ్ళను మంచం మీద నుంచి లేపే పని మరి. ఇంప్లాంట్ తీసేసి, పొట్ట దగ్గరి చర్మం, కొవ్వు, వాటి రక్తనాళాలతో సహా తెచ్చి రొమ్ము చేద్దామని సర్జన్ అన్నారు.

ఈ సంగతి మన గ్రూపులో చెప్పినప్పుడు నలుగురు దణ్ణం బొమ్మ పెట్టి ఊరుకున్నారు. రెండో ఆపరేషన్ అంటే చిన్నదేమో, ఆ పని ఎప్పుడో అయిపోయింది కదా అనుకున్నారు. నిజానికి ఇది మొదటిదానికంటే పెద్దది. మేము ఇవాళ ప్రధానంగా చెప్పదలుచుకున్నది ఇదే. మొదటి ఆపరేషన్‌కు అందరం ఉంటున్నాం. ఆఖరి ఆపరేషన్ వచ్చేసరికి ఆ ఇంట్లో భార్యాభర్తలిద్దరే మిగులుతున్నారు.

ఎందుకు మళ్ళీ మళ్ళీ?

రీకన్‌స్ట్రక్షన్ అనగానే మనకు పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టడం గుర్తొస్తుంది. ఒకసారి హ్యాండోవర్ అయితే పని అయిపోయిందనుకుంటాం. ఒంటి విషయంలో అట్లా కాదు, మొదటినుంచే ఇది దశలవారీ పని. ఎక్స్‌పాండర్ ఒక దశ, దాన్ని మార్చి ఇంప్లాంట్ పెట్టడం ఇంకో దశ. రెండు పక్కలా సమంగా లేకపోతే రెండో రొమ్మును సరిచేయడం ఒకటి. గుంటలు పడినచోట తొడ నుంచో పొట్ట నుంచో కొవ్వు తీసి నింపడం ఒకటి. చనుమొన తయారు చేయడం, దాని రంగు టాటూతో దిద్దడం ఆఖర్న వస్తాయి. ఎవరికి ఎన్ని కావాలన్నది మనిషిని బట్టి ఉంటుంది.

ఇంప్లాంట్ జీవితకాలం ఉండే వస్తువు కాదు. ఎప్పుడో ఒకప్పుడు మార్చాల్సి రావచ్చు. కొన్నిసార్లు వస్తువులోనే లోపం ఉంటుంది. ఫ్రాన్స్‌కు చెందిన పిప్ కంపెనీ ఇంప్లాంట్లలో వైద్యానికి పనికిరాని సిలికాన్ వాడారని 2010లో బయటపడి, ఆస్ట్రేలియాలోనూ వాటిని ఆపేశారు. 2019లో గరుకు ఉపరితలం ఉన్న కొన్ని రకాలకు ఒక అరుదైన లింఫోమాతో సంబంధం ఉందని, ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ టీజీఏ కొన్నిటిని రద్దు చేసింది, కొన్నిటిని నిలిపేసింది. ఏ ఇబ్బందీ లేనివాళ్ళు కంగారుపడి తీయించుకోనక్కర్లేదని కూడా టీజీఏనే చెప్పింది. వాపు వచ్చినా, గడ్డ తగిలినా, ఆకారం మారినా ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి. ఆపరేషన్ అయినప్పుడు ఇచ్చే ఇంప్లాంట్ కార్డును పాస్‌పోర్టుతో పాటు దాచుకోండి. కంపెనీ పేరు, మోడల్, సీరియల్ నంబరు అందులో ఉంటాయి. మోనాష్ యూనివర్సిటీ నడిపే ఆస్ట్రేలియన్ బ్రెస్ట్ డివైస్ రిజిస్ట్రీలో మీ వివరాలు చేర్చారా అని సర్జన్‌ను అడగండి. రేపు ఏదైనా రకంలో లోపం బయటపడితే ఎవరికి పెట్టారో వెతకడానికి పనికొస్తుంది.

ఇప్పుడు మా చెల్లెమ్మకు చేయబోయేదాన్ని డీప్ ఫ్లాప్ అంటారు. పొట్ట కింద ఒక తుంటి నుంచి ఇంకో తుంటి దాకా కోత పెడతారు. అక్కడి చర్మం, కొవ్వు రక్తనాళాలతో తీసి ఛాతీ దగ్గరికి తెస్తారు. దారంలాంటి ఆ నాళాలను ఛాతీలోని నాళాలకు మైక్రోస్కోపు కింద కుడతారు. ఆరేడు గంటలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మొదటి ఒకటి రెండు రోజులు కొత్త రొమ్ముకు రక్తం అందుతుందా లేదా అని నర్సులు గంట గంటకూ చూస్తారు. నాళం మూసుకుపోతే వెంటనే మళ్ళీ థియేటర్‌లోకి తీసుకెళ్తారు. ఆసుపత్రిలో దాదాపు వారం. ఇంటికొచ్చాక డ్రెయిన్ గొట్టాలు ఉండొచ్చు, నడుము వంచి నడవాలి, వీపుకు దిండ్లు పెట్టుకుని పడుకోవాలి. ఆరు వారాల దాకా బరువులెత్తొద్దనడం మామూలు. బిందె అనే కాదు, బట్టల బుట్ట, రెండేళ్ళ పిల్లాడు, ఇడ్లీ పిండి గ్రైండర్ కూడా బరువే. రెండు చోట్ల గాయం మానాలి కాబట్టి అలసట అంతకంటే ఎక్కువ రోజులే ఉంటుంది.

ప్రాణం నిలిచింది, చాలదా?

ఊరి నుంచి ఫోన్లో వచ్చే మొదటి మాట ఇదే. పెద్దవాళ్ళు భయంతో అంటారు, వాళ్ళది ప్రేమే. మన మగవాళ్ళం కూడా అంటాం. నాకు నువ్వుంటే చాలు, అదంతా దేనికి అంటాం. మంచి మాటే, మనసులోంచి వచ్చిందే. ఐతే అక్కడితో ఆగిపోతే ఆమె నొప్పిని మనం వినలేదన్నమాట.

అందం కోసమే ఈ ఆపరేషన్ అనుకోవడం సరి కాదు. ఒక పక్క బరువు ఉండి ఇంకో పక్క లేకపోతే మెడ, భుజం, వీపు లాగుతాయి. గట్టిపడిన ఇంప్లాంట్ రాత్రుళ్ళు నిద్రపోనివ్వదు. జాకెట్టు ఒక పక్క వదులు, పైట నిలవదు. పెళ్ళిళ్ళకు పిలిస్తే ఒంట్లో బాగోలేదని చెప్పి మానేస్తుంది. స్నానాల గదిలో అద్దం తీసేసిన ఇల్లు మాకు తెలుసు. అది షోకు కోసం పడే బాధ కాదు.

అట్లాగని ఆపరేషన్ చేయించుకుని తీరాల్సిందే అనీ మేము చెప్పడం లేదు. మనకు తెలిసిన ఇంకో అక్క ఉన్నారు. ఇంప్లాంట్ తీయించేసి, ఛాతీ చదునుగా ఉంచుకుంటానన్నారు, ఇక కత్తి తగలనివ్వనన్నారు. డాక్టర్లు కూడా సరేనన్నారు, అదీ ఒక పద్ధతే. ఆమె బ్రా లోపల పెట్టుకునే సిలికాన్ రొమ్ము వాడతారు. మెడికేర్ ఉన్నవాళ్ళకు ఒక్కో రొమ్ముకు 400 డాలర్ల వరకు ప్రభుత్వం తిరిగి ఇస్తుంది, రెండేళ్ళకోసారి మార్చుకోవచ్చు. ఆ అక్క ఇప్పుడు హాయిగా ఉన్నారు. ఇక్కడ ఒప్పు, తప్పు లేవు. ఒళ్ళు ఎవరిదో నిర్ణయం వాళ్ళది.

మా చెల్లెమ్మ మూడు నెలలు ఆలోచించుకుంది. ఆమె మాట ఒకటి చెబుతాం. "మొదటిసారి క్యాన్సరు నన్ను ఆలోచించుకోనివ్వలేదు అన్నా. రెండు వారాల్లో అంతా అయిపోయింది. ఈసారి తొందరేం లేదు కదా. అన్నీ అడిగి తెలుసుకున్నాకే చెబుతా" అంది. ఆమె సర్జన్ దగ్గరికి తీసుకెళ్ళిన ప్రశ్నలు మాకు కాగితం మీద రాసి ఇచ్చింది. అవి ఇవీ.

ఏమీ చేయించుకోకపోతే ఏమవుతుంది? నా ఒంటికి ఎన్ని దారులున్నాయి, ఏది ఎందుకు వద్దంటున్నారు? ఇట్లాంటివి మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు? మీరు చేసిన వాళ్ళ ఫొటోలు చూపిస్తారా, బాగా రానివి కూడా? దీని తర్వాత ఇంకా ఎన్ని ఉండొచ్చు? ఫ్లాప్ నిలవకపోతే ఏం చేస్తారు? నా పని మనుషుల్ని ఎత్తే పని, ఎప్పటికి తిరిగి వెళ్ళగలను? అన్నీ కలిపి చేతి నుంచి ఎంత పడుతుంది?

సైట్లో పని మొదలెట్టే ముందు మనం అడిగే ప్రశ్నలకంటే ఇవి పక్కాగా ఉన్నాయి. అన్నిటికీ జవాబులొచ్చాక ఆపరేషన్‌కు ఒప్పుకుంది. వద్దని ఉంటే మేము అందుకూ సరే అనేవాళ్ళం.

ఒక సంగతి కలపాలి. మన తెలుగు సినిమాల్లో చేసిన హంసానందిని తనకు రొమ్ము క్యాన్సర్ వచ్చిందని 2021 డిసెంబరులో తానే బయటికి చెప్పారు. తల్లిని ఇదే జబ్బుతో పోగొట్టుకున్నానని, పరీక్షలో బీఆర్‌సీఏ1 అనే జన్యు మార్పు తేలిందని, ముందుజాగ్రత్తగా ఇంకా ఆపరేషన్లు చేయించుకోవాల్సి ఉందని చెప్పారు. ఏడాది తిరిగేసరికి మళ్ళీ షూటింగులకు వచ్చారు. తల్లికో, అక్కకో, మేనత్తకో చిన్న వయసులో ఈ జబ్బు వచ్చి ఉంటే ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పండి. మేనత్త అంటే నాన్న వైపు కదా అని వదిలేయొద్దు, జన్యువు రెండు వైపుల నుంచీ వస్తుంది. అర్హత ఉన్నవాళ్ళకు ఈ పరీక్షకు 2017 నుంచి మెడికేర్ డబ్బు ఇస్తోంది. రెండో రొమ్ము సంగతి ఏం చేయాలన్నది ఈ ఫలితం మీద కూడా ఆధారపడుతుంది కాబట్టి, తర్వాతి ఆపరేషన్‌కు ముందే ఇది తేలడం మంచిది.

డబ్బు, వీసా

మెడికేర్ కార్డు ఉన్నవాళ్ళు ప్రభుత్వ ఆసుపత్రిలో పబ్లిక్ పేషెంటుగా చేరితే ఈ ఆపరేషన్‌కు బిల్లు ఉండదు. కావాల్సింది ఓపిక. ముందే నిర్ణయించి చేసే ఆపరేషన్లను ఇక్కడ అవసరాన్ని బట్టి మూడు వర్గాలు చేస్తారు. 30 రోజుల్లోపు, 90 రోజుల్లోపు, 365 రోజుల్లోపు. క్యాన్సర్ తీసేది ముందు వర్గంలో ఉంటుంది, సరిచేసేది సాధారణంగా వెనక్కి వెళ్తుంది. గడువు దాటిపోవడమూ ఉంది. ఎదురుచూసే రోజుల్లో నొప్పి పెరిగినా, పని చేసుకోలేకపోయినా జీపీ దగ్గరికి వెళ్ళి ఆసుపత్రికి మళ్ళీ ఉత్తరం రాయించండి, వర్గం మార్చే వీలుంటుంది. ఎవరిదైనా తేదీ ఖాళీ అయితే తక్కువ వ్యవధిలో వస్తామని ముందే చెప్పి పెట్టుకోండి. చిరునామా మారితే ఆసుపత్రికి తెలపండి. అద్దె ఇళ్ళు మారే మనకు ఉత్తరం పాత ఇంటికి పోయే ప్రమాదం ఎక్కువ.

ప్రైవేటులో చేయించుకునే ఆలోచన ఉంటే, ఇక్కడి రెసిడెంట్లకు అమ్మే పాలసీల్లో 2019 ఏప్రిల్ నుంచి గోల్డ్, సిల్వర్, బ్రాంజ్, బేసిక్ అని నాలుగు మెట్లున్నాయి. వైద్యపరంగా అవసరమైన రొమ్ము ఆపరేషన్లు బ్రాంజ్ నుంచే ఉంటాయి. ప్లాస్టిక్, రీకన్‌స్ట్రక్టివ్ సర్జరీ సిల్వర్ నుంచి ఉంటుంది. అంతకుముందే ఉన్న జబ్బుకు కొత్త పాలసీలో 12 నెలలు ఆగాల్సి రావచ్చు. పాలసీ ఉన్నా సర్జన్ ఫీజులో, మత్తు డాక్టరు ఫీజులో మన వాటా ఉంటుంది. ముందే రాతపూర్వకంగా అంచనా తీసుకోండి.

టెంపరరీ వీసా మీద ఉన్నవాళ్ళ సంగతి వేరు. ఇంగ్లండు, న్యూజిలాండు, ఇటలీ లాంటి కొన్ని దేశాలతో ఆస్ట్రేలియాకు వైద్య ఒప్పందం ఉంది. ఇండియాతో లేదు. అందుకే 482 వీసా మీద వచ్చిన మనం విజిటర్ హెల్త్ కవర్ కొనుక్కుంటాం. నెలకు ఇరవై డాలర్లు తగ్గుతుందని చిన్న పాలసీ తీసుకునేముందు ఆగి చదవండి. రీకన్‌స్ట్రక్షన్ ఉందా, ఉంటే ఎంతవరకు, వెయిటింగ్ ఎంత అని చూడండి. మనవాళ్ళలో ఒకరికి ఒక ఇన్సూరెన్స్ కంపెనీవాళ్ళు ఫోన్లో ఇది కాస్మెటిక్, రాదు అనేశారు. సర్జన్ దగ్గర ఐటెం నంబర్లు, వైద్య అవసరం అని రాసిన ఉత్తరం తీసుకుని రాతపూర్వకంగా అడిగితే అదే కంపెనీ ఒప్పుకుంది. అందుకే ఫోన్లో వచ్చిన కాదు అనే మాటను ఆఖరి మాటగా తీసుకోకండి. కంపెనీ మారే ముందు వెయిటింగ్ మళ్ళీ మొదటినుంచి లెక్కేస్తారా అన్నది కూడా రాతలోనే అడగండి.

పీఆర్‌కు ఇక్కడి నుంచే అప్లై చేసి, పని చేసే అనుమతి ఉన్నవాళ్ళు చాలామంది పీఆర్ రాకముందే మెడికేర్‌లో చేరొచ్చు. పేరెంట్ వీసాలకు ఇది వర్తించదు. తెలియక ఏళ్ళ తరబడి సొంత డబ్బు కట్టుకున్నవాళ్ళున్నారు. సర్వీసెస్ ఆస్ట్రేలియా ఆఫీసుకు వెళ్ళి అడగండి.

ఆపరేషన్ చేయించుకుంటే పీఆర్ పోతుందేమోనని దాచిపెట్టే ఆలోచన ఒకటి మన మధ్య తిరుగుతోంది. వీసా ఆరోగ్య పరీక్షలో రాబోయే వైద్యానికి ప్రభుత్వానికి ఎంత ఖర్చవుతుందో అంచనా వేస్తారు. ఆ హద్దును 2024 జులై 1 నుంచి 86,000 డాలర్లకు పెంచారు. మీ కేసు ఎటు పడుతుందో వాట్సాప్‌లో తేలదు. రిజిస్టర్డ్ మైగ్రేషన్ ఏజెంటునో లాయరునో కలవండి. ఫారంలో మాత్రం అబద్ధం రాయొద్దు. జబ్బు కంటే అబద్ధమే వీసాకు ఎక్కువ చేటు.

హైదరాబాద్ వెళ్ళి చేయించుకుందామా అని అడిగేవాళ్ళూ ఉన్నారు. అక్కడ మంచి చోట్లున్నాయి. బసవతారకం ఆసుపత్రి 2000 నుంచి ఉంది. రొమ్ము జబ్బులకే ప్రత్యేకంగా కిమ్స్ ఉషాలక్ష్మి సెంటర్ ఉంది. అమ్మ చేతి అన్నం ఉంటుంది, అదీ తక్కువ బలం కాదు. ఐతే మూడు విషయాలు చూసుకోండి. ఇక్కడి ఆపరేషన్ నోట్సు, రేడియేషన్ రిపోర్టు, ఇంప్లాంట్ కార్డు వెంట తీసుకెళ్ళాలి. పెద్ద ఆపరేషన్ అయ్యాక దూరపు విమాన ప్రయాణంలో కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది, ఎప్పుడు ఎక్కాలో డాక్టరు చెప్పాలి. తిరిగొచ్చాక తేడా చేస్తే ఇక్కడ ఎవరు చూస్తారో ముందే మాట్లాడుకోవాలి.

సెలవు

ఇది మా పరిధిలోని సంగతి కాబట్టి గట్టిగా చెబుతాం. ఫుల్‌టైం పర్మనెంట్ వాళ్ళకు ఏడాదికి 10 రోజుల పర్సనల్, కేరర్స్ లీవు జీతంతో ఉంటుంది. వాడుకోనివి తర్వాతి ఏడాదికి కలుస్తాయి. మీ ఒంట్లో బాగోలేకపోయినా, భార్యను చూసుకోవాల్సి వచ్చినా అదే లీవు. అది అయిపోతే, క్యాజువల్ వాళ్ళకైతే మొదటినుంచే, ప్రతి సందర్భానికీ 2 రోజులు జీతం లేని కేరర్స్ లీవు ఉంది. ఒకే యజమాని దగ్గర 12 నెలలు దాటిన పర్మనెంట్ ఉద్యోగి కేరర్‌గా పని వేళలు మార్చమని రాతపూర్వకంగా అడగొచ్చు. 21 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఈ లీవు వాడుకున్నందుకు షిఫ్టులు తగ్గించడం, ఉద్యోగం తీసేయడం చట్టానికి విరుద్ధం. వీసా ఏదైనా ఈ హక్కులు ఒకటే. ఫెయిర్ వర్క్ ఆంబుడ్స్‌మన్ నంబరు 13 13 94.

482 మీద ఉన్న తమ్ముళ్ళు లీవడిగితే స్పాన్సరు వదిలేస్తాడేమో అని భయపడతారు. 2024 జులై నుంచి ఉద్యోగం పోయినా కొత్త స్పాన్సరును వెతుక్కోవడానికి ఒక్కోసారి 180 రోజుల దాకా గడువుంది. ఆ భయంతో భార్యను ఒంటరిగా ఆసుపత్రికి పంపకండి. తోటి సూపర్‌వైజర్లు ఎవరైనా ఇక్కడుంటే ఒక మాట. ఆపరేషన్ తేదీ చాలా ముందే తెలుస్తుంది. కాంక్రీట్ పోసే రోజును వానను చూసి మారుస్తాం కదా, మనిషిని చూసి రోస్టర్ మార్చడం అంతకంటే కష్టం కాదు.

ఇంట్లో, ఆసుపత్రిలో

డాక్టరు దగ్గర పిల్లల చేత అనువాదం చేయించకండి. పదేళ్ళ కూతురు అమ్మ రొమ్ము గురించి సర్జన్‌తో మాట్లాడాల్సిన పని లేదు. భర్త కూడా అనువాదకుడు కాకపోవడమే మంచిది. భార్య అడిగింది ఒకటి, మనం చెప్పేది ఇంకొకటి అవుతుంది. టిస్ నేషనల్ 131 450కి ఫోన్ చేసి తెలుగు అని చెప్పండి. ప్రభుత్వ ఆసుపత్రిలో ముందే అడిగితే దుబాసీని వాళ్ళే ఏర్పాటు చేస్తారు, డబ్బు తీసుకోరు. ఆడ దుబాసీ కావాలని అడగొచ్చు.

మన క్రికెట్ పిచ్చివాళ్ళకు గ్లెన్ మెక్‌గ్రాత్ తెలుసు. అతని భార్య జేన్‌కు 1997లో రొమ్ము క్యాన్సర్ బయటపడింది. తనకు దొరికిన నర్సు సాయం అందరికీ దొరకాలని భార్యాభర్తలు 2005లో మెక్‌గ్రాత్ ఫౌండేషన్ పెట్టారు. జేన్ 2008లో, 42 ఏళ్ళకే పోయారు. సిడ్నీ టెస్టు మూడో రోజు గ్రౌండంతా గులాబీ రంగు కనిపించేది ఆమె పేరు మీదే. ఆ ఫౌండేషన్ నర్సుల సాయం ఉచితం, రిఫరల్ కూడా అక్కర్లేదు. మొదటి చికిత్స అప్పుడే కాదు, రీకన్‌స్ట్రక్షన్ గురించి అడగడానికీ వాళ్ళ దగ్గరికి వెళ్ళొచ్చు. క్యాన్సర్ కౌన్సిల్ 13 11 20 కూడా రాసుకోండి.

ఇక మగవాళ్ళం మానాల్సింది ఒకటుంది. సిగరెట్. నికోటిన్ రక్తనాళాలను ముడిపెడుతుంది, కుట్టిన ఫ్లాప్‌కు రక్తం అందదు. అందుకే ఆపరేషన్‌కు వారాల ముందే మానాలని సర్జన్లు పట్టుబడతారు. ఆమెకు అలవాటు లేకపోయినా మనం ఇంట్లో, కారులో కాల్చే పొగ ఆమెకు మంచిది కాదు. షుగరు ఉంటే ముందే అదుపులోకి తెచ్చుకోవాలి, లేకపోతే గాయం మానదు. గాయం ఎర్రబడినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా, కొత్త రొమ్ము రంగు మారినా, ఊపిరి ఆడకపోయినా, పిక్క వాచినా పొద్దున చూద్దాంలే అనొద్దు, వెంటనే ఆసుపత్రికి. ఊపిరి సంగతైతే ట్రిపుల్ జీరో.

ఆపరేషన్ అయ్యాక ఆమె అద్దంలో చూసుకుని ఏడవొచ్చు. ఇంత ఖర్చు, ఇంత కష్టం పడి మళ్ళీ ఏడుపెందుకు అనకండి. వాపు తగ్గడానికి నెలలు పడుతుంది. స్పర్శ మునుపటిలా రాకపోవచ్చు. దగ్గరితనం ఎప్పుడు, ఎట్లా అన్నది ఆమె చెప్పినప్పుడే.

మేము కమిటీని కోరేది

మా చెల్లెమ్మకు ఆసుపత్రి నుంచి తేదీ వచ్చింది, స్కూలు సెలవులయ్యాక. ఆ ఇంటి కోసం మా టీము ఆరు వారాల కాగితం ఒకటి వేసుకుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా పిల్లల్ని బడికి దింపేదెవరు, తెచ్చేదెవరు, రాత్రి కూర ఎవరిది, డ్రెస్సింగ్‌కు కారు ఎవరిది అని పేర్లు రాసుకున్నాం. మొదటి రెండు వారాలు ఆ తమ్ముడికి సెలవు. తర్వాత నాలుగు వారాలు ఉదయం షిఫ్టు మాత్రమే, శనివారం పని లేదు. ఆమెను చూడాలనుకునేవాళ్ళు ముందు మెసేజి పెట్టి, ఆమె రమ్మంటేనే వెళ్ళాలని కూడా రాసుకున్నాం. మంచం చుట్టూ పదిమంది చేరి మా పిన్నికి ఇట్లాగే అయింది అని కథలు చెప్పడం సాయం కాదు.

ఇట్లాంటి కాగితం ఒక్క ఇంటికే పరిమితం కాకూడదు. ఫోరంలో జబ్బు సాయం రాసుకునే పుస్తకంలో ఇప్పటిదాకా మొదటి ఆపరేషన్‌కే ఒక గడి ఉంది. రెండోదానికి, మూడోదానికి కూడా గడులు గీయండి. సంక్షేమ నిధి నుంచి ఇచ్చేది ఎంతైనా సరే, మొదటిసారి తీసుకున్నారు కదా అని ఆపకండి. ఆడవాళ్ళు ఆడవాళ్ళతోనే చెప్పుకునేలా ఇద్దరు అక్కల్ని దీనికి పెట్టండి. పేర్లు బయటికి పొక్కకూడదు.

ఆ ఆరు వారాల కాగితంలో ఇంకా ఖాళీలున్నాయి. మూడో వారం గురువారం బడి నుంచి పిల్లల్ని తెచ్చేవాళ్ళు లేరు. అయిదో వారంలో రెండు రాత్రులకు కూర లేదు. కాగితం బయట టీ కౌంటర్ దగ్గర ఉంది, పెన్ను దానికే కట్టి ఉంది. టీ తాగి వెళ్ళేటప్పుడు చూడండి.